గుర్రానికి ముందు ఉరికినవాడు

మొన్న కొత్తకోట అడ్డరోడ్డు దగ్గర వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే ఒకాయన వచ్చి నమస్కారం పెట్టాడు. ఎవరో గుర్తుపట్టలేదు. గద్వాలలో ఉంటానని, ఫలానా ఆయన అల్లుణ్ణని చెప్పుకున్నాడు.

“మా మామ పోయిండు సార్. నెల దాటింది. మీ సంగతి బాగ చెప్తుండె.”

నేనేమీ అనేలోపే మళ్లీ తనే అందుకున్నాడు. “బంగారమసొంటి మనిషి సార్. ఎవ్వల మీద పగ లేదు, కోపం లేదు. అందర్ని మాఫ్ చేసి పోయిండు.”

బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. చచ్చినోని కండ్లు చారెడంటారు. ఊళ్లో ఎవరు పోయినా అంతే, అందరూ ధర్మరాజులే. కానీ వనపర్తి చేరేదాకా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆయనకు పగ లేదట! నేనెరిగిన మనుషుల్లో పగను అంత శ్రద్ధగా, పాడిబర్రెను చూసుకున్నట్టు చూసుకున్నవాడు ఇంకొకడు లేడు. లేస్తూనే దానికి మేత వేసేవాడు, పడుకునేముందు ఒకసారి తట్టి చూసేవాడు. అలాంటి పగను ఆయనతోపాటు సమాధిలో పెట్టి పైన సున్నం కొడతామంటే నేను ఒప్పుకోను.

అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఒక పటేలు వస్తాడు. వాణ్ణి ‘వాడు’ అనే రాస్తాను. బతికినన్నాళ్లూ వంచిన తలల మీదుగా దండాలు పెట్టించుకున్నాడు, ఇక చాలు.

ఆయనా నేనూ కలిసింది రెండో యుద్ధం నడుస్తున్న రోజుల్లో, సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున. బర్మా అడవుల్లో దూరి కొట్లాడటానికని మా పటాలంలోంచి గట్టివాళ్లను ఏరి, నల్లమల అంచున ఒక క్యాంపు పెట్టారు. ఎవరి మీదా బలవంతం లేదు, పేరిచ్చినవాళ్లే రావాలి. వచ్చినవాళ్లలో సగంమంది వారం తిరక్కుండానే మూట కట్టుకుని పోయేవాళ్లు. నేను నాగర్‌కర్నూల్ దగ్గరి కౌలు రైతు కొడుకును. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ, చేన్లో పండేది తక్కువ, అందుకు వచ్చాను. ఆయన వనపర్తి పక్క ఊరివాడు. తరాలుగా పటేలు ఇంటికి వెట్టి చేసే వాడలో పుట్టాడు. తల్లిది గద్వాల అవతల, కన్నడం కలిసిన మాట. వాళ్లు క్రీస్తును నమ్ముకున్నవాళ్లు. ఈ చావు శిక్షణకు ఎందుకు వచ్చావంటే మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

మొదటిరోజు నన్ను ‘దొరా’ అని పిలిచాడు. మా ఉస్తాద్ పంజాబీ, చెవి చురుకైన మనిషి. ఇద్దరినీ ఇసుకలో మోకాళ్ల మీద నిలబెట్టి, ఇక్కడ దొరలు లేరు, ఉన్నవన్నీ గాడిదలే అని ఉర్దూలో చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి ఆయనకు నేను ‘తమ్మీ’ని, నాకు ఆయన ‘అన్న’.

ఉస్తాద్ పెట్టిన బాధలన్నీ రాస్తే మీరు నమ్మరు. ఇసుక బస్తా వీపున కట్టుకుని గుట్ట ఎక్కాలి. తుపాకీ తల మీద పెట్టుకుని ఏరు దాటాలి. అన్నిటికంటే పాడుది నీళ్ల బుడ్డి. నిండా నీళ్లుపోసిన బుడ్డి నడుముకు వేలాడుతుంటుంది, కానీ ఉస్తాద్ చెప్పేదాకా మూత తీయకూడదు. ఎండలో గుట్టలన్నీ ఉరికి వచ్చాక ఒక్కొక్కరి బుడ్డి చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. నిండు బుడ్డి చప్పుడు చేయదు. చప్పుడైందంటే తాగినట్టే, మళ్లీ మొదటినుంచీ ఉరకాలి. నాది చాలాసార్లు చప్పుడైంది. ఆయనది ఒక్కసారి కూడా కాలేదు.

ఇంకొకటి కూడా మా చేత చేయించి చేయించి ఎముకల్లోకి ఎక్కించాడు. ఉరుకుతున్నప్పుడు పక్కవాడు పడితే దగ్గరున్నవాడు ఆలోచించకూడదు. గొంతు దగ్గర గుండీ విప్పాలి, కాళ్లు ఎత్తి పెట్టాలి, తన బుడ్డి తీసి పెదవులు తడపాలి. “పహలే పానీ, బాద్ మే బాత్” అని అరిచేవాడు. ముందు నీళ్లు, తర్వాతే మాటలు. ఒక్కోసారి ఎవడో ఒకణ్ణి కావాలని పడిపొమ్మని సైగ చేసి, దగ్గరున్నవాడి చేయి ఎంత తొందరగా కదులుతుందో చూసేవాడు. ఆలస్యమైతే వీపు పగిలేది. కొన్నాళ్లకు మా చేతులు మమ్మల్ని అడగడం మానేశాయి, మనిషి పడితే వాటంతట అవే లేచేవి.

తిండి సంగతి చెప్పకపోతే ఆయన సంగతి చెప్పినట్టు కాదు. అడవిలో ఉన్నన్నాళ్లు పొయ్యి వెలిగించకూడదు, పొగ కనబడుతుందని. డబ్బాలో కుక్కిన మాంసం, ఎండబెట్టిన ఉల్లిగడ్డ తునకలు, పుట్నాలు, బెల్లం, శకర్‌పారా అనే బిస్కట్. పేరుకే శకర్, చక్కెర. ఇటుకబట్టీలోంచి తెచ్చి పంచినట్టుండేది. జొన్నరొట్టె తిని పెరిగిన పండ్లు కూడా దాని ముందు ఓడిపోయేవి. మేం రాయి మీద పెట్టి తుపాకీ మడమతో పగలగొట్టుకునేవాళ్లం.

ఆయన మాత్రం నోటితోనే కొరికేవాడు. ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. దేవుడిచ్చిన అన్నానికి వందనాలు చెప్పి, ఆమెన్ అని, కళ్లు తెరిచి, బిస్కట్‌ను ముఖానికి ఎదురుగా పట్టుకుని దానికి పటేలు పేరు పెట్టేవాడు. పెట్టి, కసుక్కున కొరికేవాడు.

“ఉత్తగ కొరికితే ఇరుగది తమ్మీ. పేరు పెట్టి కొరకాలె. సూడు, నీకు ఎవ్వల మీద కోపముంది?”

“మా ఠాణా అమీన్ మీద.”

“అయితే ఆయినె పేరు పెట్టు.”

పెట్టాను. విరిగింది. అబద్ధమెందుకు, రుచి కూడా కొంచెం మెరుగుపడ్డట్టే అనిపించింది. కొన్నాళ్లకు మా గుంపంతా అలాగే తినేది. ఒకడు వాళ్ల మేనమామ పేరు పెట్టేవాడు, ఇంకొకడు సాక్షాత్తూ మా ఉస్తాద్ పేరే పెట్టేవాడు.

“పాదిరి దొర క్షమించుమని చెప్పలేదా అన్నా?” అని ఒకసారి ఉడికించాను.

“చెప్పిండు. క్షమిస్త. కాకపోతే ముందు పని కావాలె, ఎనక క్షమిస్త.”

అందరం అలసి ఇసుకలో పడ్డాక కూడా ఆయన లేచి ఇంకోసారి ఉరికేవాడు. బూట్లు విప్పేసి, ఉత్త కాళ్లతో, కాలే ఇసుక మీద. ఉస్తాద్‌కే అనుమానం వచ్చి ఒకరోజు పిలిచి అడిగాడు. ఎవడి వెంట పడ్డావురా ఇంతగా?

“ఎంటవడలే సాబ్. ముందర ఉరుకుత.”

ఉస్తాద్‌కు అర్థం కాలేదు, నాకూ కాలేదు. ఆ మధ్యాహ్నం చెట్టు నీడన డబ్బా మాంసం తింటూ ఆయనే చెప్పాడు. చెప్తున్నంతసేపూ వనపర్తి వైపే చూస్తూ చెప్పాడు.

వాళ్ల ఊరి పటేలు గుర్రం మీద వనపర్తికి పోతే గుర్రానికి ముందు ఒక మనిషి కట్టె పట్టుకుని ‘తప్పుకోండి’ అని అరుస్తూ ఉరకాలి. వాడలో ఇంటికొక వంతు. కాళ్లకు చెప్పులుండకూడదు. సగం దారిలో ఒక మోటబావి ఉంది. అక్కడికి రాగానే ఉరికేవాడు వెనక్కి తిరిగి దండం పెట్టి, “బాంచెన్ పటేలా, జర నిలబడత” అని అడుక్కోవాలి. పటేలు దయతలిచినట్టు సరే అనాలి. గుర్రం దిగి, కాపువాళ్లు తోడిపోసిన నీళ్లు తాను తాగాలి. గుర్రం మీదివాడు తనంతట తాను ఎప్పుడూ ఆగుదామనడు. అన్నాడంటే గుర్రం మీదివాడు అలిసిపోయాడు, కిందివాడు అలిసిపోలేదు అని అర్థం. అది పటేండ్లకు తలకొట్టేసినట్టు. నిజానికి దాహం ఇద్దరిదీ, అడిగే నోరు మాత్రం ఒక్కడిది.

ఒక ఎండాకాలం ఆ వంతు వాళ్ల నాయినది. బావి దగ్గర అడిగాడు. పటేలుకు కచేరికి ఆలస్యమవుతోంది, ఉరుకుమన్నాడు. ఉరికాడు. వనపర్తి కనబడుతుండగా పడిపోయాడు, మళ్లీ లేవలేదు. పటేలు గుర్రం మీదినుంచి వంగి చూసి, “గింత మెత్తటోన్ని ఎందుకు తోలిన్రు మాకు?” అన్నాడట.

“గట్టోడు ఎట్లుంటడో సూపెడత తమ్మీ. ఆ తొవ్వ మీదనే సూపెడత” అన్నాడు ఆయన. అని, డబ్బా అడుగు వేలితో తుడిచి నాకి, మూత జాగ్రత్తగా మూశాడు.

శిక్షణ ముగిసింది. మిగిలిన కొద్దిమందిలో మేమిద్దరం ఉన్నాం. బర్మాకు పంపేముందు ఇళ్లకు పోయి రమ్మని సెలవిచ్చారు. వనపర్తి అంగడి రోజున కలుద్దామని అనుకున్నాం, అక్కడినుంచి నేను వాళ్ల ఇంటికి పోయి రొట్టె తినాలని మాట. మంచి ఎండాకాలం. నేను ముందే చేరి, అంగడి మొదట్లో పల్లికాయ కుప్పల దగ్గర ఒక గుడారం నీడన నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటుతుండగా జనం అటు తిరిగి చూడటం మొదలుపెట్టారు. దుమ్ములోంచి ఆయన వస్తున్నాడు. ఉత్త కాళ్లు, ఖాకీ లాగు, చేతిలో కట్టె, నడుముకు నీళ్ల బుడ్డి. సోమశిల ఇసుకలో నేర్చిన అడుగు, పొడుగ్గా, తొందర లేకుండా, ఆగకుండా. “తప్పుకోన్రి! పటేలు వస్తుండు!” అని అరుస్తున్నాడు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

ఆయన వెనక చాలా దూరాన గుర్రం. నోటినిండా నురగ. దాని మీద పటేలు. వియ్యాలవారింట్లో పెళ్లికని షేర్వాణీ మెడదాకా గుండీలు పెట్టుకుని, జరీ రుమాలు చుట్టుకుని వచ్చాడు. రుమాలు చెవి మీదికి జారింది. ముఖం ఉడికిన బీట్‌రూట్ రంగులో ఉంది.

దారిలో జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. ఆ రోజు వాళ్లింటి వంతు. ఆయన పటాలంలో ఉన్నన్నాళ్లు వాళ్ల చిన్నాయన ఉరికేవాడు. ఆ పొద్దున చిన్నాయన చేతిలోంచి కట్టె తీసుకుని, “ఇయ్యాల నేను పోత” అన్నాడు. పటేలు చూసి నవ్వాడట. పటాలానికి పోయినా కాళ్లు మావేనన్నమాట, అని. సరే పటేలా అని ఈయన అడుగు తీశాడు.

“బాయి కాడ గుర్రం మెల్లగైంది. నేను ఎనక్కి మల్లలే. దగ్గిండు. ఇనలే. ఇంకోపారి దగ్గిండు. ఆఖరికి ‘ఏమిరా, అడుగవా’ అన్నడు. ‘అడుగ పటేలా, గట్టోన్ని వచ్చిన’ అన్న.”

అంతే. అడిగేవాడు అడగలేదు, ఆపవలసినవాడు ఆపలేకపోయాడు. దారిపొడుగునా చేన్లలో జనం చూస్తున్నారు. మనిషిని వదిలి వెనకబడితే పటేలుకు ముందు ఎవరూ లేకుండా పెళ్లింటికి పోవాలి. వాడి పెద్దరికమే వాణ్ణి తాడు కట్టి లాక్కొచ్చింది. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు చల్లబడుతుంది.

పల్లికాయ కుప్పల దగ్గరికి వచ్చేసరికి గుర్రం ఆగిపోయింది. వాడు దిగబోయాడు, కాలు రికాబులో మెలిపడి, గోనెబస్తా జారినట్టు జారి మట్టిలో పడ్డాడు. లేవలేదు. కళ్లు తేలేశాడు. వియ్యాలవారు ఊరి లోపల పందిట్లో ఉన్నారు. ఇక్కడున్నది బేరగాళ్లు, కూలోళ్లు. ముట్టుకుంటే ఏమవుతుందో, ముట్టుకోకపోతే ఏమవుతుందో తెలియక ఎవరూ కదలలేదు.

నేను ఆయన ముఖం చూశాను. ఆయనా నన్ను చూశాడు. ఇన్నాళ్లు కొరికిన బిస్కట్లన్నీ ఒక్కసారిగా తియ్యగా మారినట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. పడి ఉండనీ, ఎండ తన పని తాను చేసుకోనీ అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు సిగ్గు లేదు, ఇప్పుడూ అదే అనుకుంటాను.

పటేలు గొంతులోంచి గరగరమని ఒక చప్పుడు వచ్చింది.

అంతే, ఆయన చేతులు లేచాయి. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు, నవ్వు ఇంకా ముఖం మీద ఉంది, కానీ చేతులు అప్పటికే కట్టె పారేసి షేర్వాణీ గుండీలు విప్పేస్తున్నాయి. కాళ్లు ఎత్తి పల్లికాయ బస్తా మీద పెట్టాయి. బుడ్డి మూత తీశాయి. “ముట్టకురా!” అని ఎవరో ముసలాయన అరిచాడు. అప్పటికే పెదవులు తడిశాయి. ఇంకో రెండు గుక్కలు పోశాయి. పటేలు కళ్లు తెరిచి, రెండు చేతులా బుడ్డి పట్టుకుని, గటగటా మొత్తం తాగి, “ఇంక ఉన్నయా?” అని అడిగాడు.

అప్పుడు చూసుకున్నాడు ఆయన తన చేతుల వంక. నవ్వు పోయింది.

జనంలో ఒక సాహుకారు, “ఎంత మంచి పిలగాడు! పటాలం నేర్పిన బుద్ధి” అని మెచ్చుకున్నాడు. ఆ సాహుకారు గొంతు పిసకాలనిపించింది నాకు.

సాయంత్రం వాళ్ల ఊరికి నడిచిపోతుంటే ఆయన ఖాళీ బుడ్డిని చేతిలో పట్టుకుని నడిచాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. తనకు తానే వకాలతు పట్టినట్టు మాట్లాడాడు.

“అంగడంత సూసింది తమ్మీ. మా వాడోని చేతి నీళ్లు తాగిండు. బుడ్డికి నోరు పెట్టి తాగిండు. ఇంకున్నయా అని అడిగిండు. నన్ను అడిగిండు!”

“అవునన్నా.”

“ఇగ పెండ్లిల పంక్తిల కూసోనిస్తరా? చంపితే ఒక్కపారి సస్తుండె. ఇప్పుడు దినాం సస్తడు. కాదా?”

“పెద్ద దెబ్బే అన్నా” అన్నాను.

ఆ దెబ్బ ఏపాటిదో ఇక్కడే చెప్పేస్తాను. ఆ పెళ్లిలోనే ఒక అయ్యగారు ఏవో మంత్రాలు చదివి, పంచగవ్యం నోట్లో పోసి, శుద్ధి అయిందన్నాడు. పటేలు పంక్తిలో కూర్చుని లడ్డూలు తిన్నాడు. మరుసటి అంగడికి గుర్రం ముందు వాళ్ల చిన్నాయన ఉరికాడు. మేం బర్మా పోయి, తిరిగొచ్చి, రాజ్యాలు మారినా వాడు బతికే ఉన్నాడు. ముసలితనంలో కొడుకుల మధ్య, పరుపు మీద, గంజి తాగుతూ పోయాడు. పెద్దలకు మాత్రమే అంత మంచి చావులు ఎవరు పంచుతారో నాకు తెల్వదు.

కానీ ఆ సాయంత్రానికి ఇవేవీ మాకు తెలియవు. ఊరు చేరేసరికి ఆయన తన మాటలు తానే నమ్మడం మొదలుపెట్టాడు, నడకలో కొంచెం బలం వచ్చింది.

తల్లి గుడిసె ముందు కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. చిన్న మనిషి, మెడలో నల్లదారానికి సిలువ. ప్రతి ఆదివారం మొట్టమొదట గుడికి పోయి కూర్చునేది ఆమేనట. మమ్మల్ని చూసి లేవలేదు. పొద్దున కొడుకు కట్టె తీసుకుని పోయినప్పటినుంచీ అక్కడే కూర్చుందని వాళ్ల చిన్నాయన చెప్పాడు.

“వడ్డడా?” అంది.

“వడ్డడమ్మా. అంగట్ల, అందరి ముంగల. గుర్రం మీదికెల్లి కింద వడ్డడు.”

చేట ఆగింది. ఆమె ముఖంలోకి వెలుగు రావడం నేను కళ్లారా చూశాను.

“నీళ్ల కోసం కొట్టుకున్నడమ్మా. మన నీళ్లే తాగిండు. నా బుడ్డి పట్టుకొని తాగిండు, ఇంకున్నయా అని నన్ను అడిగిండు. ఊరంత సూసింది. మన చేతి నీళ్లు తాగిండమ్మా!”

ఆమె కొడుకు ముఖం వంక చాలాసేపు చూసింది. చూసి, చేట మళ్లీ ఎత్తుకుంది.

“తాగి బతికిండు గద రా” అంది.